యాభైవేల మంది భార్యలు

"ఖాళీగానే ఉంటావుగా, ఇది కూడా నీ కంప్యూటర్లో ఎక్కించెయ్యి," అని తమ్ముడి పెళ్లి పిలుపుల పుస్తకం భార్య ఒళ్లో పడేసి, రాంబాబు మలికిపురంలో తన కొబ్బరి కొట్టుకి వెళ్లిపోయాడు. అప్పటికి దుర్గాశ్రీ పొద్దుటి నుంచి మూడుసార్లు పొయ్యి వెలిగించింది, హైదరాబాదు కంపెనీవాళ్లతో రెండు మీటింగులు ముగించింది. ఖాళీ అట! అయినా ఎక్కించింది. అలవాటు అంత చెడ్డది.

వారం తిరక్కుండా ఆ పుస్తకమే అక్కరకొచ్చింది. ఆసుపత్రుల కోసం కంపెనీ చేస్తున్న సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడానికి యాభైవేల ఉత్తుత్తి కుటుంబాలు కావాలి. సాయంత్రం ఐదింటికి ఇవ్వకపోతే కాంట్రాక్టు ఇంకొకరికి పోతుంది. గో అనే కంప్యూటర్ భాషలో ఒక మూస రాసింది: భర్త పేరు, భర్త పని, భార్య పేరు, భార్య పని, వయసులు, ఊరు. పుస్తకంలోని వివరాలను కలగలిపి, వయసులు తోచినవి వేసి, ఆ మూసలో పోసి, ఎర్రే అనే జాబితాలో వరసగా పేర్చమంది. చిన్న తప్పు దొర్లినా మొహం మీదే చెప్పేసే కంపైలర్, ప్రోగ్రాంని సరిచూసేది, ఈసారి కిమ్మనలేదు. రెప్పపాటులో యాభైవేల సంసారాలు తయారయ్యాయి.

భార్య పేరు గడి ఖాళీ. భార్య పని గడీ ఖాళీ. ఎంత కిందికి జరిపినా అంతే. తప్పెక్కడుందో తెలియక పుస్తకం తెరిచింది. మావగారి చేతిరాత: 'కృష్ణమూర్తిగారు, ఎరువుల కొట్టు, భార్య.' 'పోలిరాజుగారు, రొయ్యల చెరువులు, భార్య.' నాలుగువందల ఇళ్లలో ఒక్క ఆడపేరు లేదు. పిలుపుల పుస్తకాలు అలాగే రాస్తారు మరి, టైపు చేసినప్పుడు తనకీ ఏమీ అనిపించలేదు. గడి ఖాళీగా ఉండిపోతే గో భాష దాన్ని తప్పుగా ఎంచదు.

మిట్టమధ్యాహ్నం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రతి వరసలోనూ ఎవరో ఒకావిడ, వయసు మాత్రమే ఉండి, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డట్టుంది. ఒకచోట కొబ్బరి వర్తకం, మలికిపురం, భార్య వయసు ముప్ఫైనాలుగు. తన వయసే, తన ఇల్లే. యాభైవేలలో ఒకటి అలా తగలడం వింత కాదని దుర్గాశ్రీకి తెలుసు. అన్నీ చెరిపేసి ప్రోగ్రాంని మళ్లీ నడిపింది. ఈసారి ఆవిడ మొదటి వరసలోనే ఉంది. భయం వేసింది. పట్టపగలు, తన గదిలో, నిజంగానే భయం వేసింది.

మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "ఆ గడి అక్కర్లేదని పెట్టేయండి మేడమ్, ఎవరు చూస్తారు?" అన్నాడు. రాంబాబుకి చేస్తే, "ఏదో ఒక పేరు పడెయ్యి, దానికింత రాద్ధాంతమా?" అన్నాడు.

వంటింట్లో అత్తగారు సూర్యావతి కొబ్బరి కోరుతోంది.

"అత్తయ్యగారూ, పోలిరాజుగారి భార్య పేరేంటండి? ఆడవాళ్ల పేర్లు రాయాలండి."

"పోలిరాజుగారి భార్యేనమ్మా." నవ్వింది. "ముప్ఫై ఏళ్లుగా వదినా అనే పిలిచేను." నవ్వు మధ్యలో ఆగింది. "నా పేరేం రాస్తావు?"

"సూర్యావతి అనేనండి."

"అది ఇక్కడ పెట్టిందే. మా అత్తగారిదీ నాదీ ఒకటే పేరు. నన్ను కేకేస్తే ఆవిడని కేకేసినట్టవుద్దని మార్చేరు."

"మరి అసలు పేరండి?"

ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. అత్తగారి పేరు పలకకూడదు కదా, ఆ అత్తగారు పోయి ఇరవై ఏళ్లయినా సరే. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు. చివరికి తడి వేలితో గచ్చు మీద రాసింది: నూకాలమ్మ. ఫ్యాను గాలికి అది ఆరిపోతుంటే ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. దుర్గాశ్రీకి ఏడుపొచ్చింది, దాంతోపాటు ఒళ్లు మండింది.

గదిలోకి వెళ్లి ఒక షరతు చేర్చింది: భార్య పేరు లేని కుటుంబాన్ని తయారుచేయకూడదు. నడిపింది. సున్నా కుటుంబాలు.

"ఇవాళ ఇవ్వలేనండి. పేర్లు కనుక్కోవాలి," అని మేనేజర్‌కి రాసి, పోలిరాజుగారింటికి ఫోన్ చేసింది.

"ఆవిడతో ఏం పనమ్మా? నాతో చెప్పు," అన్నారాయన.

"మీతో కాదండి. ఆవిడతోనేనండి."

ఫోన్ చేతులు మారింది. "ఆయ్, చెప్పమ్మా."

"మీ పేరు చెప్తారాండి?"

ఆవిడ చాలా మెల్లగా అంది:

"ఉండమ్మా. తలుపేసొచ్చి చెప్తాను."