వినబడని బుస

మంచుకొండల నడుమ నారిన్ ఊళ్లో నది పక్క వీధిలో ఉన్న కల్ముర్జా షెడ్డు తెలియని డ్రైవరు లేడు. ముప్పై ఏళ్లుగా అతను బండి చూసే పద్ధతి ఒకటే. బానెట్ ఎత్తి, ఇంజను నడవనిచ్చి, కళ్లు మూసుకుని తల పక్కకు వంచేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి "మూడో సిలిండరు వాల్వు" అనో, "నీళ్ల పంపు బేరింగు పోయింది" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. డాక్టర్ల మెడలో ఉండే స్టెతస్కోపు కల్ముర్జాకి చెవుల్లోనే ఉందని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్లు.

ఆ చెవులు పోతున్నాయని అతనికి రెండేళ్లుగా తెలుసు. ముందు సన్నటి చప్పుళ్లు పోయాయి. పొయ్యి మీద కెటిల్ కూత, చూరు కింద పిచ్చుకలు, గడియారం. మనుషుల మాటల్ని పెదాలు చూసి పట్టుకునేవాడు. భార్య జుమగుల్ రెండుసార్లు పిలవాల్సివస్తే "ఏదో ఆలోచనలో ఉన్నానే" అనేవాడు. ఆమె నమ్మినట్టే ఉండేది. షెడ్డులో మాత్రం వేళ్లతోనూ, వాసనతోనూ, ఇన్నేళ్ల అలవాటుతోనూ నెట్టుకొస్తున్నాడు. బానెట్ ఎత్తినప్పుడు తల వంచి కళ్లు మూసుకోవడం మానలేదు. అందరూ అది చూడటానికే నిలబడేవాళ్లు మరి.

ఆ ఏడు మే నెలలో పశువుల డాక్టరు దోరోన్‌బెక్ తన పాత జర్మన్ బండిని తాడు కట్టించి లాక్కొచ్చాడు. చలికాలంలో రేడియేటర్‌లో వట్టి నీళ్లు పోసి ఉంచితే అవి గడ్డకట్టి ఇంజను దిమ్మ పగిలింది. దోరోన్‌బెక్ కల్ముర్జాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. పొడవాటి మనిషి, ఎడమచేతి వాటం. ఆ ఎడమ చెయ్యి భుజం దాకా గుర్రం కడుపులోకి పోనిచ్చి, అడ్డం తిరిగిన గుర్రప్పిల్లల్ని ప్రాణాలతో బయటికి తీస్తాడని కొండమీద మేపుకునేవాళ్లంతా అతని కోసమే కబురు పెట్టేవాళ్లు.

రాజధానిలోని పాత సామాను బజారు నుంచి అదే రకం ఇంజను తెప్పించారు. కల్ముర్జా ఒక్కడే అయిదు రోజులు కష్టపడి పాతది దించి ఇది ఎక్కించాడు. ఆరో రోజు తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అందుకున్నది తగ్గలేదు. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే ఇంజను వేగం చూపే ముల్లు రెండు వేల మీద నిలబడింది. బండి నిలబడి ఇంజను ఊరికే తిరిగే ఐడ్లింగ్‌లో ఎనిమిది వందలు దాటకూడదు.

"అన్నా, ఇదేంటి, నేనింకా ఎక్కకముందే పరిగెడుతోంది!" అన్నాడు దోరోన్‌బెక్.

"కొత్త చోటు కదా, బెదిరింది. రెండు రోజులు కట్టేసి ఉంచు, దారికొస్తుంది."

"నీకు రెండు రోజులంటే తేలికే. సోన్ కుల్ మేత మైదానాల మీదికి మంద అంతా ఎక్కేసింది. ఈ నెలాఖరు లోపల టీకాలు వెయ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

కల్ముర్జా వరసగా మొదలుపెట్టాడు. యాక్సిలరేటర్ తీగ బిగువుగా ఉందేమోనని వదులు చేశాడు. ముల్లు కదల్లేదు. ఐడ్లింగ్ గాలిని ఆపీ వదిలీ చేసే చిన్న వాల్వును విప్పి పెట్రోలుతో కడిగాడు. దాన్లో మసి పోయిందంతే. ఇంజను ఇంకా చల్లగా ఉందని పొరబడుతోందేమోనని వేడి కొలిచే సెన్సర్ని పాత ఇంజను నుంచి తీసి మార్చాడు. లాభం లేదు. ఇక మిగిలింది ఒకటే. ఎక్కడో సందు దొరికి దొంగగాలి ఇంజనులోకి పోతోంది.

ఒకప్పుడైతే అది అతనికి అరనిమిషం పని. గాలి దూరే చోట బుస వినబడుతుంది. తల వంచి ఆ బుస వెంటే వేలు పోనిస్తే చాలు. ఇప్పుడు తల వంచాడు, కళ్లు మూశాడు. నేల అదిరినట్టు మొద్దు హోరు తప్ప చెవిలోకి ఏమీ రాలేదు.

దాంతో ఒక్కో రబ్బరు గొట్టాన్నీ ప్లయర్‌తో నొక్కుతూ పోయాడు. ఏ గొట్టం నొక్కితే ఇంజను వేగం తగ్గుతుందో దాని అవతలే చిల్లి ఉన్నట్టు. ఇంజను పీల్పుతో బ్రేకుకు బలమిచ్చే బూస్టర్‌కి వెళ్లే లావు గొట్టం ఇంజను వెనక, డ్రైవరు ముందుండే ఇనప గోడ దగ్గర ఉంది. చెయ్యి దూరే చోటులో, బూస్టర్ పక్కన దాన్ని నొక్కి చూశాడు. ముల్లు కదల్లేదు. అయితే ఇది కాదనుకుని వదిలేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం జుమగుల్ టీ ఫ్లాస్కూ, గిన్నెలో బోర్సోక్ రొట్టెలూ పట్టుకొచ్చింది. ఇంజను నడుస్తోంది. ఆమె గిన్నె బల్లమీద పెట్టి బండివైపు చూసింది.

"ఏమయ్యా, అదేంటి బుసకొడుతోంది? లోపల పాము దూరిందా?"

అతను "ఎక్కడ?" అనబోయి ఆగాడు. ఎక్కడ అని అడిగితే తనకు వినబడటం లేదని తేలిపోతుంది.

"కంప్రెసర్ గాలి అది," అన్నాడు.

ఆమె మూలనున్న కంప్రెసర్ వైపు చూసింది. దాని ప్లగ్గు పీకి నేలమీద పడి ఉంది. మళ్లీ అతని మొహం చూసింది.

"కంప్రెసర్ ఆపేసి ఉందిగా?"

"నీకెందుకే ఈ గొడవ? రొట్టెలు పెట్టావుగా, వెళ్లు."

జుమగుల్ తలగుడ్డ సవరించుకుని వెళ్లిపోయింది. అప్పుడు వెనక్కి పిలిచుంటే సరిపోయేది. "ఇటొచ్చి చెవి పెట్టు, ఎక్కడో చూపించు" అంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. పిలవాలని నోటిదాకా వచ్చింది కూడా. గుమ్మం దాకా వెళ్లి, వీధిలో పోతున్న ఆమె వీపు చూసి, వెనక్కి తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే దోరోన్‌బెక్ టీకా పెట్టెలతో సహా వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, అరిస్తే అరవనీ. నేనూ మా ఆవిడతో ముప్పై ఏళ్లు వేగాను, దీంతో వేగలేనా?"

"కాసేపు ఆగు," అన్నాడు కల్ముర్జా.

ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది. ఫ్యాక్టరీలో సరిచేసి, ఎవరూ తిప్పకుండా దానిమీద రంగు పోసి పంపిస్తారు. దాన్ని తిప్పే మేస్త్రీల్ని అతను ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. జబ్బు కనుక్కోలేనివాడే దాని జోలికి పోతాడనేవాడు. ఆ రోజు డాక్టరు వైపు వీపు పెట్టి స్క్రూడ్రైవర్‌తో రంగు గీకాడు. మర తిప్పాడు. ఐడ్లింగ్ వాల్వుకి గాలి తెచ్చే చిన్న గొట్టానికి బిరడా బిగించాడు. ముల్లు దిగింది. పదిహేను వందలు, పన్నెండు, ఎనిమిది వందలు.

"అబ్బా! నీ చేతికి దండం పెట్టాలన్నా!" అన్నాడు దోరోన్‌బెక్. బండి వంతెన దాకా నడిపి, రెండుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి, వెనక్కి తీసుకొచ్చాడు. అంతా బాగానే ఉంది. ఎడమచేతితో కల్ముర్జా భుజం తట్టి వెళ్లిపోయాడు.

పదహారు రోజుల తర్వాత మోల్డో అషూ కనుమ దిగుతుండగా జరిగింది. తర్వాత దోరోన్‌బెక్ చెప్పిన ప్రకారం, మూడో మలుపు దగ్గర ఉన్నట్టుండి ఇంజను దానంతట అదే వేగం అందుకుంది. ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు బండి ముందుకు పోయింది. బ్రేకు రెండుసార్లు పట్టింది. మూడోసారి పెడల్ రాయిలా అయిపోయింది. రెండు కాళ్లతో తొక్కి నిలబడ్డా కదల్లేదు. గేరు తగ్గించేలోపు మలుపు మీదికొచ్చేసింది. కుడివైపు లోయ. ఎడమవైపు చెక్కిన కొండ. అతను ఎడమవైపు తిప్పాడు. బండి కొండను రాసుకుంటూ పోయి పక్కకు ఒరిగింది. ఎడమవైపున్న డ్రైవరు తలుపుకీ రాతికీ మధ్య అతని ఎడమ చెయ్యి ఇరుక్కుంది.

చెయ్యి మిగిలింది. వేళ్లు మిగిలాయి కానీ వాటిలో ప్రాణం లేదు. పట్టు రాదని డాక్టర్లు చెప్పేశారు.

పోలీసులు పాత బండి, దిగుడులో వేగం అని రాసుకుని వెళ్లిపోయారు. దోరోన్‌బెక్ కూడా అదే అన్నాడు. మూటలా ముడుచుకుపోయిన బండిని ఎక్కడ పెట్టాలో తెలియక అతని భార్య బురుల్ కల్ముర్జా షెడ్డుకే పంపించింది. "మా ఆయన తొందరమనిషి అన్నా, నీకు తెలుసుగా. ఉన్నంతలో పనికొచ్చేవి చూసి తీసి ఉంచు" అని కబురు చేసింది.

రెండు రోజులు అతను దాని పక్కకు పోలేదు. మూడో రోజు వంగిపోయిన బానెట్‌ని గడ్డపలుగుతో లేపాడు. బ్రేక్ గొట్టం దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. ఈసారి బూస్టర్ దగ్గర కాదు, అవతలి కొసకు, ఇంజనుకు తొడిగిన చోటికి. అక్కడ కంటికి ఆనదు, చెయ్యి మెలితిప్పితేగాని అందదు. గొట్టాన్ని బిగించే క్లాంపు కింద, అడుగున, వేలికి ఒక చీలిక తగిలింది. దారి కుదుపులకు ఇంకా విచ్చుకున్నట్టుంది, వేలు గోరుదాకా దిగింది. ప్లయర్‌తో నొక్కిన చోటికీ ఇంజనుకీ మధ్య ఉంది చిల్లి. నొక్కితే ఇంజను వేగం ఎందుకు తగ్గుతుంది? ఇంజనుని అరిపించిన గాలీ, బ్రేకు బలాన్ని తినేసిన గాలీ ఒకటే. అతను దాన్ని కనుక్కోలేదు సరికదా, అరుపు వినబడకుండా నోరు నొక్కి పంపించాడు.

గొట్టం తీసి ఒళ్లో పెట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాడు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు. జుమగుల్. ఎప్పటినుంచి పిలుస్తోందో.

"నువ్వన్న పాము ఇదే," అన్నాడు గొట్టం చూపించి.

ఆమె పక్కనే కూర్చుంది. అతనికి పెదాలు కనబడేలా మొహం తిప్పింది. ఆమెకు అంతా ఎప్పుడో తెలుసని అప్పుడర్థమైంది అతనికి.

"నేనన్నా గట్టిగా చెప్పాల్సింది," అంది. "నీ పరువు పోతుందని ఊరుకున్నా."

"నువ్వు చెప్పావు. నేనే తరిమేశా."

"ఇప్పుడేం చేస్తావు?"

"వెళ్లి చెప్తా."

"ఎవరికీ తెలియదయ్యా. ఆయన కూడా తనదే తప్పనుకుంటున్నాడు."

"అందుకే చెప్పాలి."

దోరోన్‌బెక్ ఇంట్లో పరుపుమీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమచెయ్యి గుడ్డల్లో చుట్టి మెడకు వేలాడదీశారు. బురుల్ టీ పోసి ఇచ్చింది. కల్ముర్జా కప్పు ముట్టుకోలేదు. గొట్టం తీసి పరుపుమీద పెట్టాడు.

"నీ వేగం కాదు తమ్ముడూ. బ్రేకుకెళ్లే గొట్టం పగిలి ఉంది. నా షెడ్డులో ఉన్నప్పుడే పగిలి ఉంది. నాకు రెండేళ్లుగా చెవులు సరిగ్గా వినబడటం లేదు. జుమగుల్ విని చెప్పింది. నేను నోరుముయ్యమన్నా. చిల్లి దొరక్క, ముట్టుకోకూడని మర తిప్పి నీకిచ్చేశా."

దోరోన్‌బెక్ గొట్టాన్ని కుడిచేత్తో తీసుకున్నాడు. ఆ చెయ్యి ఇంకా అలాంటి పనులకు అలవాటుపడలేదు. పట్టు జారిపోయింది. మళ్లీ తీసుకుని చీలికను వేలితో తడిమాడు. దాన్ని కింద పెట్టి గోడవైపు తిరిగాడు.

అలా తిరిగే ఏదో అన్నాడు. భుజాలు కదిలాయి, దవడ కదిలింది. కల్ముర్జాకు ఒక్క మాట కూడా చేరలేదు. బురుల్ చేతిలోని టీపాత్ర కింద పెట్టేసి, తలగుడ్డ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నావు తమ్ముడూ?" అని అడిగాడు కల్ముర్జా.

దోరోన్‌బెక్ ఇటు తిరగలేదు. రెండోసారి అనలేదు.

గేటు దాకా వచ్చిన బురుల్‌ని అడిగాడు. "ఏమన్నాడమ్మా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆయన నీతో అన్నాడన్నా. నేను మోసుకొచ్చే మాట కాదు," అని గేటు వేసుకుంది.

తిట్టాడో, క్షమించానన్నాడో, చెయ్యి తలుచుకుని ఏడ్చాడో అతనికి తెలియదు. మళ్లీ వెళ్లి అడిగే ధైర్యం ఆ వేసవిలో రాలేదు, తర్వాతా రాలేదు. పోలీసుల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు కాగితం మూసేశామన్నారు, బాధితుడు ఫిర్యాదు చెయ్యలేదన్నారు. దోరోన్‌బెక్‌కి జిల్లా ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. టీకాల లెక్కలు కుడిచేత్తో వంకరటింకరగా రాస్తాడట. ఆ ఆగస్టులో కొండమీద ఒక గుర్రం ఈనలేక చచ్చిపోయిందనీ, డాక్టరు కోసం కబురు పంపి, ఇప్పుడు ఆయన రాలేడని గుర్తొచ్చి కబురు తీసుకెళ్లేవాణ్ణి వెనక్కి పిలిచారనీ బజారులో చెప్పుకుంటుంటే కల్ముర్జా వాళ్ల పెదాల మీద చదివాడు. కొనవలసింది కొనకుండానే ఇంటికి వచ్చేశాడు.

సెప్టెంబరులో షెడ్డు ఖాళీ చేస్తుండగా ఒక డ్రైవరు వచ్చాడు. బండి ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తాడు.

"మేస్త్రీ, ఇంజను మార్పించా. ఐడ్లింగ్ తగ్గట్లేదు. ఒక్కసారి చెవి పెట్టు."

"నాకు వినబడదు."

డ్రైవరు నవ్వాడు. "నీకా! భలేవాడివే."

"వినబడదు బాబూ. ఏటి అవతల ఆషిర్ అని ఉన్నాడు, అతని దగ్గరికి తీసుకెళ్లు. బ్రేకు గొట్టాన్ని ఇంజను వైపు కొసదాకా చేత్తో తడిమి చూడమని చెప్పు. మరలు తిప్పనివ్వకు."

"ఆషిర్‌గాడా? వాడికేం తెలుసని నువ్వే అనేవాడివిగా!"

కల్ముర్జా వంగి రెంచీలు డబ్బాలో సర్దసాగాడు. డ్రైవరు ఇంకా ఏదో గొణుక్కుంటూ బానెట్ దించి వెళ్లిపోయాడు. కల్ముర్జా రెంచీల డబ్బా తోపుడుబండి మీదికెత్తి, మిగతావి తేవడానికి లోపలికి వెళ్లాడు.