పెద్దలు సాఫు చేసిన పోస్టు

కత్తెర వచ్చి తన క్యూలో నిలబడతాడని చీమ కలలో కూడా అనుకోలేదు. అనుకోలేదేమిటి, నిజానికి కలలో మాత్రమే అనుకుంది, అదీ చాలాసార్లు. ఇప్పుడు పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ పేరు ఎదురుగా ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. అతనే.

"అత్తయ్యా, త్వరగా రండి! ఎవరొచ్చారో చూద్దురుగాని!"

అత్తగారు వెల్లుల్లి వలుస్తున్న చేతులతోనే వంటింట్లోంచి వచ్చారు. ఆవిడకి కంప్యూటర్ గురించి ఒక్క ముక్క తెలియదు గానీ, కోడలి పగ మాత్రం మొదటినుంచీ కంఠతా వచ్చు.

"ఎవరూ, ఆ కత్తెరగాడా? నీ నోటి దగ్గర కూడు లాక్కున్నవాడేనా?"

"వాడే."

"తలుపు తీయకు," అన్నారావిడ.

అసలు సంగతి ఇదీ. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కొందరు చేరి ఆసుపత్రుల కోసం ఒక ఉచిత ప్రోగ్రాం నడుపుతున్నారు. ఏ రోగి ఏ వేళకి డాక్టరు దగ్గరికి రావాలో ఖాయం చేసే ప్రోగ్రాం. దాని గురించి మాట్లాడుకోవడానికి ఒక ఫోరం, అందులో అందరివీ మారుపేర్లే. నచ్చని పోస్టుల్ని కోసిపారేసే మోడరేటర్ కాబట్టి అతను కత్తెర. బితుకుబితుకుమంటూ చేరింది కాబట్టి ఈమె చీమ. కొత్తవాళ్లు రాసింది నేరుగా బయటికి రాదు. ఎవరో ఒక మోడరేటర్ క్యూలో పడుతుంది, ఎవరి క్యూ వాళ్లకే కనబడుతుంది, వాళ్లు చూసి వదలాలి. చెత్త ప్రకటనలూ బూతులూ రాకుండా ఆ కాపలా ఉండాల్సిందే, చీమ కూడా కాదనదు. కానీ కత్తెర ఇంకో ఆచారం పెట్టాడు. కొత్తవాళ్లు రాసింది పనికొచ్చేదే అయినా గజిబిజిగా ఉంటే, పెద్దలు దాన్ని సాఫు చేసి తమ పేరుతో పెట్టొచ్చట. అందుకో మీట కూడా పెట్టాడు.

ఆ రోజుల్లో చీమ నానా తంటాలు పడి ప్రోగ్రాంలో ఒక పెద్ద తప్పు పట్టుకుని, సరిచేసే కోడ్ రాసి పంపింది. కత్తెర సాఫు చేశాడు. చేసిందల్లా నాలుగు ఖాళీలు సర్దడం, తన పేరు తగిలించడం. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో అది నాదేనని చీమ చెబితే, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "అది కత్తెర గారిది కదమ్మా," అన్నారు. ఒక్క మాట చెప్పండి చాలు అని అతన్ని బతిమాలుకుంది. "కొత్తవాళ్లు ఓపిక పట్టాలి," అని జవాబొచ్చింది. ఆ ఉద్యోగం పోయింది, కాపీ కొట్టిన పిల్ల అన్న పేరు మిగిలింది. చెప్పండి, కడుపు మండదా?

కొన్నేళ్లకి ఫోరం కొత్త సైటుకి మారింది. "నేను లేకుండా మీరెన్నాళ్లు నెట్టుకొస్తారో చూస్తా," అని కత్తెర పాత సైటులోనే మొండికేసి కూర్చున్నాడు. అక్కడ ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఇక్కడ చీమ ఒళ్లు వంచి పనిచేసి మోడరేటరయింది. కత్తెర రాసిన నియమాలు మాత్రం మారకుండా ఇక్కడికీ వచ్చాయి, "ఎంతటివాళ్లయినా కొత్తగా చేరితే క్యూలోనే" అన్నదాంతో సహా. అది రాసిన మహానుభావుడే ఇప్పుడు కొత్తవాడు.

చీమ పోస్టు తెరిచింది. ఏదో సొల్లు కబురు రాసుంటాడనుకుంది. కాదు. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే వేళ అడిగితే ఒక రోగి పేరు మాయమైపోతోంది. ఎన్నాళ్లుగానో ఎవరికీ అంతుపట్టని ఆ ప్రోగ్రాం జబ్బుకి అతను మూలం పట్టుకున్నాడు. ఛీ, ఎంత బాగా రాశాడో! అంత బాగుండటమే చీమకి ఒళ్లు మండించింది. వదలకుండా అలాగే ఉంచింది.

కాసేపటికి విడిగా సందేశం వచ్చింది. "చీమ గారూ, కాస్త త్వరగా చూస్తారా? ఉద్యోగం పోయి చాలాకాలమైంది. ఒకచోట పిలిచారు. ఈమధ్య చేసిన పని ఏదైనా నలుగురికీ కనబడేలా ఉండాలంటున్నారు."

గారట! పేరు చూసి కూడా గుర్తుపట్టలేదు. అంత చేసి, ఎవరికి చేశాడో కూడా మర్చిపోయాడు.

"మీ పోస్టు గజిబిజిగా ఉందండీ," అని చీమ రాసింది. "సాఫు చేసి నా పేరుతో పెడతాను."

అవతలివైపు రాయడం మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. చివరికి వచ్చింది: "అది దొంగతనం కదండీ."

అత్తగారు పకపకా నవ్వారు. చీమకి నవ్వు రాలేదు. తన పాత సందేశాన్ని, అతనిచ్చిన జవాబుతో సహా, అతనికే పంపింది. కింద ఇలా రాసింది: "ఆ మాట నా చెవిలో కాదు, ఫోరంలో అందరి ముందూ అనండి. ఎవరిది దొంగిలించారో కూడా చెప్పండి. అది వెంటనే వదులుతాను. అప్పటిదాకా మీ మొదటి పోస్టు కదలదు."

మర్నాడు రాశాడు. "సాఫు పేరుతో చీమ పనిని నాదిగా చెప్పుకున్నాను. ఆమె అడిగినా నోరు విప్పలేదు. ఇది దొంగతనం. ఈ ఆచారం తీసేయండి." ఫోరం గగ్గోలెత్తిపోయింది. గేట్లు మొత్తం ఎత్తేయండని కొందరు, కాపలా ఉండాలి గానీ కాజేయడం ఉండకూడదని కొందరు. సాయంత్రానికి సాఫు మీట పీకేశారు. చీమ ఆ ఒప్పుకోలుని కాఫీ తాగుతూ చదివింది, బట్టలు మడతపెడుతూ చదివింది, అత్తగారికి పైకి చదివి వినిపించింది. కడుపు చల్లబడింది.

ఇక అతని పోస్టు వదలాలి. వదల్లేదు. ఇంకో పూట నిలబడనీ, అరిగిపోతాడా అనుకుంది.

తెల్లారేసరికి కొంప మునిగింది. వేరే మోడరేటర్ తన క్యూలోంచి ఇంకెవరో కొత్తమనిషి పోస్టు వదిలాడు. అదే జబ్బు, అదే మూలం. పాపం, ఆ మనిషి ఎవరిదీ కాపీ కొట్టలేదు, సొంతంగా కష్టపడి పట్టుకున్నాడు. ఫోరం మొత్తం అతనికి చప్పట్లు కొడుతోంది.

కత్తెర నుంచి సందేశం వచ్చింది. "నాది ముందే వచ్చిందని మీకొక్కరికే తెలుసు. నేను చెబితే ఎవరు నమ్ముతారు? దొంగనని నిన్ననే నా చేత్తో రాసుకున్నాను. ఒక్క మాట చెప్పండి చాలు."

ఒక్క మాట చెప్పండి చాలు. ఆనాడు చీమ అడిగింది కూడా అచ్చంగా అదే.

"ఏమంటాడే?" అన్నారు అత్తగారు.

"సాక్ష్యం చెప్పమంటున్నాడు."

"వాడి మాట వాడి మొహాన్నే కొట్టు. ఏదీ, ఆ ఓపిక మాట!"

చీమ టైపు చేసింది: "కొత్తవాళ్లు ఓపిక పట్టాలి." ఎన్నేళ్లుగా నోట్లో నానుతున్న మాట! పంపే మీట మీద వేలు పెట్టి ఆగింది. ఇది పంపితే ఏమవుతుంది? కాసేపు ఏడుస్తాడు. ఆ తర్వాత, అదీ నాలాంటిదేలే, చెల్లుకు చెల్లు అనుకుని చేతులు దులుపుకుని హాయిగా తిరుగుతాడు. చెల్లుకు చెల్లా? అంత తేలిగ్గా పోనిస్తుందా!

ఆ మాట చెరిపేసి, ఫోరంలో అందరికీ కనబడేలా రాసింది. "ఇది ముందు పట్టుకుంది కత్తెర. పోస్టు నా క్యూలోకి వచ్చిన వేళ ఇదిగో. దాన్ని ఆపింది నేను. పాత కక్షతో కావాలనే ఆపాను. రెండో మనిషీ సొంతంగానే పట్టుకున్నాడు, ఇద్దరి పేర్లూ పెట్టండి."

ఆ రోజే ఆమె మోడరేటర్ పదవి ఊడింది. ఆసుపత్రుల్లో రోగుల పేర్లు గల్లంతవుతుంటే మందు దగ్గర పెట్టుకుని కక్షలు తీర్చుకున్నావా అని ఒకావిడ అడిగింది. ఆ మాట గట్టిగానే తగిలింది.

కత్తెరకి ఉద్యోగం వచ్చింది. "మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు," అని రాశాడు.

అత్తగారు తల కొట్టుకున్నారు. "పిచ్చిదానా! చేతికి చిక్కినవాణ్ని వదిలేశావేమిటే? పైగా నీ కుర్చీ కూడా పోగొట్టుకుని!"

"వదల్లేదత్తయ్యా. ఒక్క మాట చెబితే ఆనాడు నాకూ ఉద్యోగం వచ్చేది. పైసా ఖర్చు లేని మాట, వాడు చెప్పలేదు. నేను కుర్చీ పోతుందని తెలిసే చెప్పాను. ఇక వాడు ఆఫీసుకి బయల్దేరిన ప్రతిసారీ ఎవరి మాట మీద వెళ్తున్నాడో గుర్తొస్తుంది."

అత్తగారు దగ్గరికి జరిగారు. "మరి రుణం అన్నాడుగా, దానికేం రాశావు?"

చీమ ల్యాప్‌టాప్ ఆవిడవైపు తిప్పింది. ఆవిడ కళ్లు చికిలించి చదివారు.

"తీర్చుకోవద్దు. ఉండనివ్వండి."