వెనకడుగు

ఎడమకాలు ముందుకు వేసి, తుంటితో కుడికాలిని విసిరి, మిగిలిన దూరం నేలమీద ఈడ్చుకుంటూ అతను తాళ్ల షెడ్డులోకి వచ్చి తన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. నార చిక్కు తీయడం ఇప్పుడతని పని. వెన్ను ఆపరేషన్‌కు ముందు పని వేరు. నడుముకు నార కట్ట చుట్టుకుని, వేళ్లతో కొంచెం కొంచెంగా వదులుతూ, తిరిగే చక్రానికి ఎదురుగా నిలబడి వెనక్కి నడిచేవాడు. అతను ఎంత వెనక్కి పోతే తాడు అంత పొడవు పేనుకునేది. మగాడు వెనకడుగు వేయకూడదంటారు గానీ వీడికి అదే కూడు పెడుతోందని యజమాని ఏళ్ల తరబడి ఒకటే హాస్యం ఆడేవాడు. చివరికి వెనకడుగు అన్నదే అతని పేరైంది.

వెన్నులో జారిన డిస్కును సరిచేశారు. నొప్పి పోయింది, దాంతోపాటే కాలూ పోయింది. వేరే బేరం లేనట్టు. పెద్ద డాక్టరు కొత్త స్కాను వెలుతురుకు పట్టి చూసి, నరం శుభ్రంగా ఉంది, నడవాలి మరి అన్నాడు. ఆ 'మరి' దగ్గరే అతని పరపతి దిగజారింది. మనిషి మాట కూడా సరుకే. ఒకడు అనుమానంగా తిప్పి చూస్తే చాలు, వెనకున్నవాళ్లందరూ తిప్పి చూస్తారు.

అతని భార్య ఒక్కతే తిప్పి చూడలేదు. స్నానానికి భుజం ఇచ్చింది. తన ఇస్త్రీ పని సగానికి తగ్గించుకుంది. ఆయన కాలు ఆయనకు తెలియదా అని వీధిలో ఇద్దరు ముగ్గురితో పోట్లాట కూడా పెట్టుకుంది. తన మాట ఊరందరి దగ్గరా చెల్లకపోయినా ఈమె దగ్గర చెల్లితే సంసారం నడుస్తుందని అతను లెక్క వేసుకున్నాడు. ఈమె దగ్గర కూడా చెల్లని రోజున అతని దగ్గర మిగిలేది ఏమీ లేదు.

ఆ రోజు తాడు పేనేవాడు జ్వరమని రాలేదు. మధ్యాహ్నానికి లారీ వస్తుంది. ఇంకొకణ్ణి నిలబెడితే తాడు ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడి, పాము ఎలుకను మింగినట్టు తయారైంది. అతను చూడలేకపోయాడు. నార ఇలా తెమ్మన్నాడు. స్తంభం పట్టుకుని లేచి నడుముకు చుట్టించుకున్నాడు. చక్రం తిప్పేది అతని బావమరిది, భార్యకు తమ్ముడు. పడతావు బావా అన్నాడు. పడితే లేపుదువులే అన్నాడు ఇతను.

చక్రం తిరిగింది. అతని చూపంతా వేళ్ల సందున జారే నార మీదే ఉంది. ఎక్కడ తెంపు ఉంది, ఎక్కడ ఒక పాయ ఎక్కువ పడుతోంది, అదే ధ్యాస. ఉన్నట్టుండి వీపుకు ఏదో తగిలింది. షెడ్డు చివరి గోడ.

చక్రం ఆగిపోయింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కుడికాలు ఈడ్వకుండానే నడిచింది. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాలు వచ్చిందనుకుని ముందుకు అడుగు వేయబోయాడు. అది పాతిన గుంజలా అక్కడే నిలబడింది. ఈడ్చుకుంటూ తిరిగి వస్తుంటే ఎవరో పక్కున నవ్వారు. దొరికిపోయాక కూడా ఈ నాటకం ఎందుకులే అన్నారు ఇంకెవరో.

"మా అక్క భుజం చూశావా బావా, నిన్ను మోసీ మోసీ ఎలా అయిందో?" అన్నాడు బావమరిది.

"నాకూ తెలియదురా."

"నీ కాలు నీకే తెలియదా?"

యజమానికి మాత్రం కోపం రాలేదు. తాడును వేళ్లతో తడిమి, నున్నగా ఉందని, రేపటి నుంచి పాత పనిలోకి రమ్మన్నాడు.

బావమరిది భోజనానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి రోజూ మధ్యాహ్నం గేటు దగ్గరకు వచ్చే భార్య కూడా రాలేదు. అతను కాసేపు చూసి, ఒక్కడే బస్సెక్కాడు.

కసరత్తులు చేయించే డాక్టరమ్మకు జరిగింది దాచకుండా చెప్పాడు, చెప్పేసి తల దించుకున్నాడు. ఆమె అతన్ని పడుకోబెట్టి, కుడి మడమ కింద చెయ్యి పెట్టి, ఎడమకాలు ఎత్తమంది. ఎత్తాడు. కుడి మడమ ఆమె చేతిని గట్టిగా కిందికి నొక్కింది.

"బలం ఉంది, తెలిసిందా? కాలికి వెళ్లే కబురు దారి తప్పుతోంది, అంతే. మీరు కాపలా కాసే కొద్దీ అది బిగుసుకుంటుంది. ఇందాక మీ ధ్యాస నార మీద ఉంది కాబట్టి తన పని తను చేసుకుపోయింది."

"అయితే ఇది నాటకం కాదా అమ్మా?"

"కాదు. జబ్బే. ఆపరేషన్ల తర్వాత కొందరికి వస్తుంది. దొంగవేషం అయితే ఇంత కష్టపడి నా దగ్గరకెందుకొస్తారు? నెమ్మదిగా దారికి తెచ్చుకోవచ్చు."

ఈ మాట మా ఆవిడకు మీ నోటితో చెప్పాలన్నాడు. రేపు తీసుకురమ్మంది.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. వీధి స్తంభం మీద దీపాన్నే చూస్తూ అతను ఇంటివైపు వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. దీపం దూరమవుతోంది, కాలు నడుస్తోంది. సందులో పిల్లలు వెంటపడి నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. గడప మడమకు తగిలింది. దాటాడు. వీధివైపు ముఖం పెట్టుకునే, లోపలున్న భార్యకు వినిపించేలా చెప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ఏం చేసిందో, తన మడమ ఆమె చేతిని ఎలా నొక్కిందో, నాటకం కాదని ఎలా చెప్పిందో, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు.

పక్కింటావిడ వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు బాబూ? మధ్యాహ్నమే తమ్ముడితో వెళ్లిపోయిందిగా. కాలు బాగానే ఉందట, ఇక నాతో పనేముంది అంది."

అతను ఇంట్లోకి తిరిగి చూశాడు. గోడకు తగిలించే ఆమె సంచి లేదు. పెట్టె ఉన్నచోట నేల మాత్రం శుభ్రంగా, నలుచదరంగా ఉంది. కిటికీ కింద అతని పాత చెప్పు ఒక్కటే ఉంది, కుడికాలిది. ఈడ్చి ఈడ్చి బొటనవేలి దగ్గర అరిగిపోయినచోట కొత్త తోలుముక్క సగం వరకు కుట్టి ఉంది, మిగతా సగం దగ్గర దారంతో సహా సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది.