రెండు షాపులు, ఒక పెట్టె మాత్రలు

గోడౌన్ల వీధిలో రెండు మందుల షాపులు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి పెద్దమ్మది, రెండోది చిన్నమ్మది. ఇద్దరూ తోడికోడళ్లు. వేరుకాపురాలు పెట్టేటప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫ్రిజ్ ఎవరికన్న దగ్గర మాటా మాటా పెరిగి, మాట్లాడుకోవడం మానేశారు. ఆ ఫ్రిజ్ ఎప్పుడో చెడిపోయి పాతసామాన్ల బండెక్కింది. పంతం మాత్రం చెక్కుచెదరలేదు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే మొగుళ్లిద్దరూ అటూ ఇటూ కబుర్లు మోసేవారు.

వానలకు గోడౌన్ల వెనక గుంటలు నిండాయి. హమాలీల ఇళ్లలో చలిజ్వరాలు మొదలయ్యాయి. వాళ్లలో అందరూ బస్తాల మావ అని పిలిచే ముసలి హమాలీ వణుక్కుంటూ వస్తే చిన్నమ్మ అతని వేలికి సూది గుచ్చి, రక్తపుచుక్క మలేరియా పరీక్ష కిట్ మీద వేసింది. గీత పడింది. మలేరియా.

"మూడు రోజులూ వాడాలి మావా. ఏదైనా తిని వేసుకో."

మావ ధర విని మాత్రల అట్ట వెనక్కి తోశాడు. "సగం కత్తిరించి ఇవ్వు చిన్నమ్మా. సగం జ్వరం మందుతో పోతుంది, మిగతా సగం నేనే తరిమేస్తా."

చిన్నమ్మకు నవ్వొచ్చింది కానీ కత్తెర ముట్టలేదు. అరువిస్తానన్నా ఆయన వినలేదు. తిన్నగా రోడ్డు దాటి, పెద్దమ్మ దగ్గర సగం అట్ట కొనుక్కుపోయాడు.

కొన్నాళ్లకే జ్వరం తిరగబెట్టింది. ఈసారి కూతురు పట్టుకుని షాపుకు నడిపించుకొచ్చింది; తనంతట తాను నిలబడలేకపోయాడు. చిన్నమ్మ వాళ్లను ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపి, ఆ కోపంలోనే డీలర్‌కు ఫోన్ చేసి మలేరియా మాత్రల ధర తగ్గించమంది.

"మీరు కొనే నాలుగు అట్టలకి నేనేం తగ్గించనమ్మా? పెద్ద పెట్టె ఎత్తండి, సగం ధరకిస్తా" అన్నాడతను.

పెద్ద పెట్టె ఒక్క షాపు వల్ల అయ్యే పని కాదు. చిన్నమ్మ ఎదురుగా చూసింది. ఒక్క ఉదుటున లేచింది. ఆ రోడ్డు దాటడానికి రెండు లారీలకూ ఒక మొహమాటానికీ దారివ్వాల్సి వచ్చింది.

"ఏం కావాలి?" అంది పెద్దమ్మ, ముఖం అటు తిప్పుకుని.

చిన్నమ్మ గబుక్కున, "తలనొప్పి మాత్ర" అనేసింది.

"నీ షాపులో లేవా?"

"ఉన్నాయక్కా. కానీ మాట ఎలా కలపాలో తెలియలేదు."

పెద్దమ్మ ముఖం ఇటు తిరిగింది. కళ్లలో నీళ్లు. "మావ సంగతే కదా? పొద్దున తెలిసింది. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదే. డబ్బుల్లేవని చేతులు నలుపుకుంటూ నిలబడితే ఉత్తచేతులతో ఎలా పంపను? సగమైనా మేలే కదా అనుకున్నా."

"నేనైతే ఉత్తచేతులతోనే పంపా. నాదేం గొప్ప?" అని చిన్నమ్మ, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని పెట్టె సంగతి చెప్పింది. చెరిసగం పంచుకోవడం. రెండు చోట్లా కొన్న ధరకే అమ్మడం. అట్ట మాత్రం కత్తిరించకపోవడం.

"మరి లాభం?"

"దగ్గుమందు మీద చూసుకో."

"దగ్గుమందు నా దగ్గరే ఎక్కువ పోతుంది, తెలుసా?"

"కలలు కను!"

ఇద్దరూ పకపకా నవ్వారు.

పెట్టె దిగిన రోజున, సంగతి తెలియని పెద్దమ్మ భర్త అలవాటు కొద్దీ ఏదో కబురు మోసుకుంటూ చిన్నమ్మ షాపుకు వచ్చాడు. లోపల తోడికోడళ్లిద్దరూ నేల మీద చతికిలబడి అట్టలు పంచుకుంటున్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మరి నేనిప్పుడేం చెయ్యాలి?"

"రెండు టీలు పట్రా" అంది భార్య.

బస్తాల మావ కోలుకున్నాడు. ఈసారి కోర్సు పూర్తిగా వాడాడు. అంతటితో ఆగక, ఒళ్లు వెచ్చబడిన ప్రతివాణ్నీ రెక్క పట్టుకుని ఏదో ఒక షాపుకు లాక్కొచ్చేవాడు. "గీత పడిందా లేదా చూడు ముందు" అని డాక్టరులా గదమాయించేవాడు.

ఒక సాయంత్రం, గోడౌన్లో కొత్తగా పనిలో చేరిన ఒకామె చిన్నమ్మ షాపుకు పరుగున వచ్చింది. "అమ్మా, ఇందాక పొరపాటున నిండు అట్ట ఇచ్చేశారు. మా ఊళ్లో ధర లెక్కన నేనిచ్చింది సగానికే. పాపం, మీరు నష్టపోతారని తెచ్చా."

చిన్నమ్మ అట్టను తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. జవాబు రోడ్డు అవతలి నుంచి వచ్చింది.

"పొరపాటు కాదే పిల్లా! అది మొత్తం నీదే!" అని పెద్దమ్మ వీధంతా వినబడేలా అరిచింది. "తిని వేసుకో!"

ఆమె అట్టను రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.