మా ఇంట్లో నెట్ బాగానే ఉంది

మా టీమ్‌లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. చెన్నై పురసవాక్కంలో ప్రణవి వాళ్లింట్లో నెట్ బాగుండదు. పాపం, రెండేళ్లుగా అంతే.

నిజానికి మా ఇంట్లో నెట్ చాలా బాగుంటుంది. బాగుండనిది నేనే.

మా కంపెనీకి చెన్నైలో ఆఫీసు లేదు, అందరం ఇళ్లనుంచే పని చేస్తాం. చేరిన మొదటి రోజు వీడియో కాల్‌లో పేర్లు చెప్పుకోమన్నారు. నా వంతు వచ్చింది. 'ప్ర' కోసం పెదాలు మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకోలేదు. నాకు చిన్నప్పట్నుంచీ నత్తి. కానీ సినిమాల్లో చూపించినట్టు ప-ప-ప అని రాదు. అసలేమీ రాదు. అవతలి నుంచి ఎవరో గొళ్లెం పెట్టినట్టుంటుంది. కళ్లు కూడా ఆర్పకుండా అలాగే ఉండిపోయాను. అప్పుడు అనంత్ అనే విజయవాడ అబ్బాయి జాలిగా అన్నాడు: "ఆవిడ స్క్రీన్ ఫ్రీజ్ అయిందండీ. నెట్ పోయినట్టుంది."

నేను కాదనలేదు. కాదనాలంటే మాట్లాడాలి కదా.

తర్వాత అదే అలవాటయింది. మాట ఆగగానే కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. కాల్ ముందు ఫ్యాన్ కట్టేసేదాన్ని, జుట్టు ఎగిరితే దొరికిపోతానని.

నత్తి ఉన్నవాళ్లకి ఒక విద్య దానంతటదే వస్తుంది. రాబోయే మాట రాదని ముందే తెలిసిపోతుంది, పక్కనుంచి ఇంకోటి లాక్కొస్తాం. 'పది' రాకపోతే 'తొమ్మిదిన్నర దాటాక' అంటాం. పేరుకి మాత్రం పక్కమాట ఉండదు.

నాకు అర్థం కానిది ఏమిటంటే, తమిళంలో ఆటో అతనితో పోట్లాడితే ఒక్కసారి కూడా ఆగదు. ఇంట్లో అవ్వతో తెలుగులో కొంచెం ఆగుతుంది. ఇంగ్లీషులో, అదీ నా పేరు దగ్గర, పూర్తిగా. ఒకటే బగ్ అయితే అన్ని చోట్లా ఒకేలా రావాలి. నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఇక్కడ పనికిరాలేదు.

ఎన్నూరు పోర్టు బయట ఏ లారీ ఎంతసేపు ఆగిపోతుందో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి, ఏడు నెలలు కూర్చుని నేనొక్కదాన్నే రాశాను. గురువారం దాన్ని కొనాలనుకుంటున్న వాళ్లకి చూపించాలి. సోమవారం మా లీడ్ జయంతి మేడమ్ ఫోన్ చేసింది. వాళ్లదీ మాలాగే తాతల నాటినుంచి మద్రాసులో ఉన్న తెలుగిల్లు.

"ప్రణవీ, డెమో అనంత్ చేస్తాడులే. నీ నెట్‌ను నమ్ముకోని ఆడ కూర్చోలేం కదా."

మొదట హాయిగా అనిపించింది. ఒక నిమిషానికి ఏడుపొచ్చింది. ఆ హాయీ ఈ ఏడుపూ ఒకే మనిషివేనా అని అనుమానమొచ్చింది. ఏడు నెలలు నేను రాసింది అనంత్ గొంతులో వినాలి, ఫ్యాన్ కట్టేసుకుని.

"నెట్ ఇప్పుడు బాగుంది మేడమ్" అన్నాను. నెట్ గురించి రెండేళ్లలో నేను చెప్పిన మొదటి నిజం.

"బాగయిందా? ఎవురు చూసినారు? ఉండు, కంపెనీ తరపున మనిషిని పంపిస్తా. ఆయన రాసిచ్చినాక చూస్తాం."

మంగళవారం ఆనందన్ అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ప్రతి గదిలో నిలబడి ఫోన్‌లో స్పీడు చూశాడు, బాత్రూమ్ తలుపు దగ్గర కూడా.

"ఎన్న ప్రాబ్లం మా?" అన్నాడు చివరికి. "రెండేళ్ల కంప్లైంట్ అన్నారు. ఇంత స్పీడు ఈ వీధిలోనే చూళ్లేదు."

ఏదో పాడయింది, బాగు చేశానని రాసేయండని తమిళంలో గడగడా అడిగాను. ఏం పాడయిందని రాయమంటావు అన్నాడాయన.

అంతలో మా లలితాంబ అవ్వ కాఫీ తెచ్చింది. అవ్వ ఎవరితోనైనా తెలుగే మాట్లాడుతుంది, అర్థం చేసుకోవడం వాళ్ల పని.

"నెట్‌కు ఏం కాలా నాయనా. దీనికే దా మాట ఆగిపోతాది. చిన్నబిడ్డప్పుడు నాలిక మీద వస సరిగ్గా రాయలా. మా కోడలు, అయ్యో వాసన అనింది. ఇప్పుడు చూడు, ఇంటికి మనుషులొచ్చి చూడాల్సి వొచ్చింది."

వస అంటే మాటలు రావాలని చంటిపిల్లల నాలుక మీద అరగదీసి రాసే వేరు. చీకటిపడితే దాని పేరు పలకకూడదని అవ్వ 'పేరు చెప్పనిది' అంటుంది. నాకు సరిపోయే మందే.

ఆనందన్ నన్ను ఎగాదిగా చూశాడు. "నల్లా దానే పేసురీంగ? బాగానే మాట్లాడుతున్నావు కదమ్మా?" అన్నాడు.

రెండేళ్లు దాచిన నిజం మొదటిసారి బయటికొస్తే, అదే అబద్ధంలా కనిపించింది. ఇప్పుడు నత్తి కూడా నిరూపించుకోవాలా? ఆయన కాఫీ తాగి, కాగితం మీద 'లోపం లేదు' అని రాసి వెళ్లిపోయాడు.

బుధవారం జయంతి మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. "లోపమే లేదంట కదా. సరి, అట్లయితే డెమో నువ్వే చెయ్యి." మరి రెండేళ్లుగా ఏమైందని అడగలేదు. అది నమ్మకమో కోపమో ఆ రోజంతా ఆలోచించాను. రెండింటికీ ఆవిడ గొంతు ఒకటే.

గురువారం పదకొండింటికి తెరమీద పదకొండు మొహాలు. అవతలి కంపెనీ నుంచి నరేన్ అనే పెద్దమనిషి. ఇంగ్లీషులో అందరికీ నమస్కారం చెప్పాను, 'నేను' అన్నాను, పెదాలు మూసుకున్నాయి.

తెర మూల గడియారంలో 11:02 కాస్తా 11:03 అయింది.

"సారీ అండీ, ఆవిడ స్క్రీన్ ఫ్రీజ్..." అనంత్ అలవాటుగా అందుకున్నాడు. మంచివాడు. నాకు సాయంగా ఉంటుందని స్లైడ్లన్నీ తన దగ్గర తెరిచి పెట్టుకున్నాడని నాకు తెలుసు. ఇంకో రెండు సెకన్లు కదలకుండా ఉంటే చాలు, డెమో అయిపోతుంది, నేను లేకుండా.

చెయ్యెత్తి ఊపాను.

అనంత్ మాట మధ్యలో ఆగిపోయాడు. "వీడియో వస్తోందే," అన్నాడు తికమకగా. "ఆడియో పోయిందేమో."

కాదని తల ఊపాను. చెయ్యీ ఊపాను. ఆగకుండా పోతున్న బస్సును పిలుస్తున్నట్టు ఉండి ఉంటాను. అప్పుడు గొళ్లెం ఊడింది.

"ప్రణవి. నెట్ బాగుంది. నాకు నత్తి. నేను ఆగినప్పుడు మీరు కూడా కొంచెం ఆగండి."

నరేన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "సరే. లారీల సంగతి చెప్పండి."

ఇరవై నిమిషాల పని నలభై నిమిషాలు పట్టింది. నా ప్రోగ్రాంలో రెండు మాటలకొకసారి 'పోర్టు' వస్తుంది. దాన్ని అలా రాసుకున్నదీ నేనే. ఒక్కో పోర్టు దగ్గర ఒక్కో లారీలా నిలబడ్డాను. వాళ్లు ప్రశ్నలడిగారు, చెప్పాను. అనంత్‌కి తెలియనివి కూడా. వచ్చే వారం చెప్తామన్నారు. నచ్చిందో, జాలిపడ్డారో ఆ మొహాల్లో తేలలేదు.

కాల్ అయ్యాక జయంతి మేడమ్ దగ్గర్నుంచి మెసేజ్: "రెండేళ్లా?"

"అవును మేడమ్" అని పంపాను. ఆవిడ చాలాసేపు ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది. చివరికి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. దాని అర్థం ఇంకా వెతుకుతున్నాను.

తర్వాత అనంత్ ఫోన్. "మొదటిరోజు ఫ్రీజ్ అయిందన్నది నేనే కదండీ?"

"మీరే."

"అయ్యో. మరి ఇకమీదట ఆగితే నేనేం అనాలి?"

"తెలీదు. నాకూ కొత్తే."

శుక్రవారం ఉదయం మామూలు కాల్. ఆ రోజు కొత్తగా ఒకమ్మాయి చేరింది, మళ్లీ అందరూ పేర్లు చెప్పుకోవాలి. ఫ్యాన్ వేసుకునే కూర్చున్నాను. నా వంతు వచ్చింది. పెదాలు మూసుకున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. తెరమీద మొహాలన్నీ నావైపే చూస్తూ కదలకుండా ఉన్నాయి, కళ్లు కూడా ఆర్పకుండా. ఎంతసేపు చూసినా అలాగే ఉన్నాయి.

వీళ్లందరి నెట్ ఒకేసారి పోయిందేమోనని నిజంగానే అనుమానమొచ్చింది. చూద్దామని చెయ్యి ఊపాను.

అనంత్ తిరిగి ఊపాడు.