బర్రె నిలబడ్డ గది

చిట్కుల్‌లో దేవమ్మకు తెల్లవారకముందే పని మొదలయ్యేది. కొట్టం ఊడ్చి, పాలు పిండి, నాలుగిళ్లలో పోసి వచ్చాక బర్రెను విప్పి తండ్రి ఎల్లయ్య చేతికి తాడు ఇచ్చేది. ఆమెకు తల్లి లేదు, ఆయనకు కొడుకుల్లేరు. ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క బర్రే. ఏడాదికి ఒకట్రెండు సార్లు మాత్రం అది మేతకు పోనని మొండికేసేది. నేరుగా ఎవరింటి ముందుకో పోయి, గడపకేసి చూస్తూ పొద్దుగూకే దాకా నిలబడేది. మర్నాడూ అక్కడికే. తొమ్మిది రోజులు తిరక్కుండా ఆ ఇంట్లోంచి ఒకరు పాడె మీద బయటికి వచ్చేవారు.

దాన్ని ఎవరూ తిట్టేవారు కాదు. ఇల్లాలు దాని కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి, నుదుట పసుపు పెట్టి, బయటూళ్లలో ఉన్న బిడ్డలకు కబురు పంపేది. ఇల్లు విడిచిపోదామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. తాతలనాటి ఇల్లు, దాని వెనకే భూమి, అవన్నీ వదిలి ఎక్కడికని పోతారు? కంపెనీల నీళ్లు కలిసి వాగు ఎర్రబడ్డ ఏడాది నుంచి బర్రెకు ఈ తిరుగుడు ఎక్కువైంది. ఇరవై రెండేళ్లొచ్చినా దేవమ్మకు సంబంధం కుదరకపోవడానికి కారణం కూడా అదే. వచ్చినవాళ్లు పిల్ల బాగుందంటారు, చాయ్ తాగుతారు, లేచేటప్పుడు మెల్లగా "బర్రె గూడ ఎంబడి వస్తదా?" అని అడుగుతారు. ఆ తర్వాత మళ్లీ కనపడితే ఒట్టు.

తొంభై నాలుగు ఎండాకాలంలో బర్రె ఊరి ఆసామి పెద్దరాములు కట్టించిన కిరాయి గదుల దగ్గరికి పోయి చివరి గది ముందు నిలబడింది. కిరాయిదారు గుమ్మంలో నిలబడడం దానికి అదే మొదలు. ఆ గదిలో ఉండేది ఒక్కడే. జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చి మందుల కంపెనీలో పనిచేసే భీమశంకరం. సాయంత్రం దాన్ని తోలుకురావడానికి దేవమ్మ వెళ్లేసరికి అతను జొన్నరొట్టె తుంచి దానికి తినిపిస్తున్నాడు.

"ఆకలికి నిలబడ్డట్టుంది, పాపం," అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ బర్రెకు మొక్కినవాళ్లే గానీ ఇంత తిండి పెట్టినవాడు లేడు. దేవమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సంగతంతా చెప్పింది.

అతను మిగిలిన రొట్టె ముక్క కూడా బర్రె నోటికి అందించాడు. "ఎన్ని దినాలు?" అన్నాడు.

"తొమ్మిది."

"రేపు గూడ తోల్కపోనీకి నువ్వే వస్తవా?"

"నేనే."

"అయితే రా."

మర్నాడు వెళ్లింది. ఆ మర్నాడు పొద్దుగూకకముందే వెళ్లింది. మధ్యలో బర్రె, దానికి అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకునేవారు. కంపెనీ పొడికి అతని చేతులు పచ్చబడిపోయాయి, ఎంత రుద్దినా పోయేది కాదు. నాలుగో రోజు ఆ చేతిని ఆమె తన చేతిలోకి తీసుకుంది. మామూలుగా అయితే ఏడాది పట్టే సంగతే. వాళ్లకు అంత సమయం ఏదీ?

ఆరో రోజు దేవమ్మే అంది, "గిది నీ ఇల్లు గాదు గద, కిరాయి గది. ఇడిసిపెట్టు."

"ఊరికి పోతే నౌకరి పోతది. ఈడ నాకెవరున్నరు?"

"మా ఇంటికి రా."

"ఏమని రావాలె?"

"మా నాయినకు అల్లునివై రా. ఇల్లరికం."

"నన్ను బతికించనీకా, నేను నచ్చిన్నా?"

"నచ్చినవు గావట్టే బతకాలె," అంది దేవమ్మ, కోపంగానే.

ఎల్లయ్య చుట్ట ఆరిపోయే దాకా ఆలోచించాడు. "బర్రెను సూసి భయపడనోడు మల్లొకడు దొరుకుతడా," అని ఒప్పుకున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున ఇంటి ముందే పందిరి వేసి పెళ్లి చేశారు. భీమశంకరం తన ఇనుపపెట్టె తెచ్చుకుని గది తాళంచెవి పెద్దరాములుకు ఇచ్చేశాడు.

తొమ్మిదో రోజు అతణ్ని ఇంట్లోనే ఉండమని, బర్రెను దేవమ్మే విప్పింది. అది తమ గడపకేసి తిరుగుతుందేమోనని దాని మొహం వంకే చూస్తూ నిలబడింది. తిరగలేదు. గదుల దగ్గరికి పోయి, ఆ చివరి గది ముందే నిలబడింది. దేవమ్మకు ఒళ్లంతా తేలికైపోయింది. మొగుడు బతికాడు!

అంతలో ఆ గది తలుపు తెరుచుకుంది.

గది ఖాళీగా ఉంచడం ఎందుకని పెద్దరాములు నిన్న సాయంత్రమే ఒడిశా నుంచి వచ్చిన జంటకు ఇచ్చేశాడు. ముంజేతుల నిండా ఎర్రగాజులతో కొత్త పెళ్లికూతురిలాంటి పిల్ల గుమ్మంలోకి వచ్చింది. లోపల ఆమె మొగుడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు, చాప మీద నిద్రపోతున్నాడు.

"దీదీ, ఆప్‌కీ భైంస్ హై?" అని, బర్రె మీదేనా అన్నట్టు చూపిస్తూ నవ్వింది ఆ పిల్ల.

ఘర్ ఛోడో, అభీ ఛోడో, ఇల్లు విడిచిపొండి, ఇప్పుడే పొండి. అంత హిందీ దేవమ్మకు వచ్చు. అందామని నోరు తెరిచింది కూడా. గది ఖాళీ అయితే బర్రె ఎటు పోతుంది? పాతమనిషిని వెతుక్కుంటూ తమ ఇంటికి రాదూ?

"హా, హమారా," అంది, మాదేనన్నట్టు తలూపుతూ.

పొద్దు వాలేదాకా దూరంగా ఒక రాయి మీద కూర్చుంది. ఒకసారి లేచింది, మళ్లీ కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా కదల్లేదు. ఇంకా వెలుతురు ఉండగానే బర్రె తనంతట తానే వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది.

భీమశంకరం వాకిట్లో ఎదురుచూస్తున్నాడు.

"ఏడ నిలబడ్డది?"

"అదే గది ముంగట."

అతను రెండు చేతులూ ఎత్తి బర్రెకు మొక్కాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా అడిగాడు, "అండ్ల ఇప్పుడు ఎవరు లేరు గద?"

"ఎవరు లేరు," అంది దేవమ్మ. గదుల దిక్కు నుంచి అప్పుడే మొదలైన ఏడుపు అతని చెవిన పడకముందే, చేయి పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది.