గంటగోపురం మీంచి బంగాళాదుంప

పాస్తో కొండల్లో బంగాళాదుంపలమ్ముకునే దేయానిరాకి నలభై ఒకటో ఏట బడి పరీక్ష పాసవ్వాలని పంతం పుట్టింది. శనివారాల పెద్దల బడిలో అన్నీ గట్టెక్కాయి, కిందపడే వస్తువుల లెక్కలు తప్ప. రెండుసార్లు తప్పింది. మేడ మీంచి వదిలిన రాయి ఆమె కాగితంలో ఓసారి ఆకాశంలోకే పోయింది.

"ఈ మైనస్సు ఎక్కడ పెట్టి చావాలి మాస్టారూ?"

"కిందికి ప్లస్ అనుకో, పైకి ప్లస్ అనుకో, నీ ఇష్టం," అన్నాడు ఎలీసియో మాస్టారు. "అనుకున్నాక మాత్రం మధ్యలో మార్చకూడదు."

"ఈ ముక్క మా ఆయనకి చెప్పాల్సింది. ఇప్పుడు మూడో ఆవిడింట్లో ఉన్నాడు."

క్లాసు గొల్లుమంది.

మూడోసారి మాస్టారు రాతపరీక్ష పెట్టలేదు. టేపు ముట్టకుండా చర్చి గంటగోపురం ఎత్తు కనుక్కోమన్నాడు. గోపురం అడుగున రాతిపలక మీద 'నలభై మీటర్లు' అని చెక్కి ఉంది. ఊరివాళ్లకి అదో పెద్ద గొప్ప.

మిట్టమధ్యాహ్నం దేయానిరా సంచీలో దుంపలేసుకుని మెట్లెక్కింది. కింద మాస్టారు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. విసరకుండా ఊరికే వదిలింది, మొదట్లో వేగం సున్నా ఉండాలిగా మరి. రెండు పాయింట్ రెండు సెకన్లు. రెండో దుంపా అంతే. మూడోది వదిలీ వదలగానే పాద్రి అన్సెల్మో చర్చి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. దుంప ఆయన బూట్ల ముందు పగిలి అంగీ నిండా చిమ్మింది.

"దేవుడా!"

"దేవుడు కాదు ఫాదర్, నేనే!" పైనుంచి అరిచింది. "ఎంతొచ్చింది మాస్టారూ?"

"అంతే! రెండు పాయింట్ రెండు!"

దిగొచ్చి, చర్చి మెట్ల మీద సుద్దముక్కతో లెక్క వేసింది. కిందికి ప్లస్. తొమ్మిది పాయింట్ ఎనిమిదిలో సగం, దాన్ని కాలంతో రెండుసార్లు గుణించాలి. ఇరవై మూడు పాయింట్ ఏడు వచ్చింది. చెరిపి మళ్లీ వేసింది. అదే. ఈసారీ తప్పానేమో అనుకుంది. అప్పుడు లెక్కని తిరగేసి చూసింది. నలభై మీటర్లయితే దుంపకి దాదాపు మూడు సెకన్లు పట్టాలి. పట్టలేదే!

"తప్పు నాది కాదు, ఆ పలకది," అంది.

"పునాదితో కలిపి కొలిచుంటారమ్మా," అన్నాడు పాద్రి అంగీ దులుపుకుంటూ.

"పదహారు మీటర్ల పునాదా? అంత లోతు తవ్వితే నరకంలో వాళ్ల వంటింటి కప్పు తగిలేది కదా ఫాదర్!"

పాద్రి నవ్వు దాచుకోడానికి దగ్గాడు.

మాస్టారు అయిదుకి నాలుగున్నర వేశాడు. గాలి అడ్డుపడే సంగతి రాయలేదని అర మార్కు కోశాడు. దేయానిరా పోట్లాడదామనుకుంది గానీ, పాసయ్యానన్న సంగతి అప్పుడే తట్టింది. ముక్కు చీదుకుని సంచీ భుజానేసుకుంది.

మాస్టారు వెళ్లాక పాద్రి ఆమెని పక్కకి పిలిచాడు.

"పై శనివారం ఖాళీయేనా? పక్కూరి చర్చివాళ్లు తమ గోపురం నలభై అయిదని ఊదరగొడుతున్నారు. దుంపలు కాస్త గట్టివి తీసుకురా."